పదహారు 'కె' డబ్బా: డండీ నుంచి సత్రపట్టి దాకా

మన పత్రికలో మామూలుగా బోనసు సంగతులు, పిల్లల మార్కులు, పెళ్లి కబుర్లు, ఈఎస్ఐ కాగితాలు ఎట్లా నింపాలి అనే వివరాలు వస్తుంటాయి. ఈ నెల నేను రాసేది ఒక నల్ల ప్లాస్టిక్ డబ్బా గురించి. అరచేతిలో పట్టేంత డబ్బా. నలభై ఏళ్ల కిందట ఇంగ్లండులో అమ్మిన ఒక చిన్న కంప్యూటరుకి వెనకాల తగిలించే మెమరీ డబ్బా అది. దాన్ని అమ్మిన కంపెనీ ఆ కంప్యూటర్ల వ్యాపారాన్ని 1986లోనే ఇంకొకరికి అమ్మేసింది. ఆ కంప్యూటర్లు బిగించిన ఫ్యాక్టరీ మూతపడి ముప్ఫై ఏళ్లు దాటింది. అయినా లోకంలో చాలా చోట్ల జనం ఈ డబ్బాని కొత్తగా, ఇంట్లో కూర్చుని, తమ చేతుల్తో చేసుకుంటున్నారు. మన సత్రపట్టిలో కూడా ఒకటి తయారైంది. ఇదేదో చదువుకున్నవాళ్ల సరదా అని పేజీ తిప్పెయ్యకండి. ఈ కథలో మిల్లు మనుషులే ఎక్కువ.

ఆ కంప్యూటరు పేరు సింక్లెయిర్ జెడ్ఎక్స్81. 1981 మార్చిలో వచ్చింది. బిగించి ఇస్తే ధర 69 పౌండ్ల 95 పెన్స్. విడిభాగాలు కొని మనమే బిగించుకుంటే 49 పౌండ్ల 95 పెన్స్. క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన దాన్ని తెచ్చాడు. ఇంట్లో టీవీకి తగిలించుకోవచ్చు, ప్రోగ్రాములు దాచుకోటానికి మామూలు టేపు రికార్డరు చాలు. 15 లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. లోపల విప్పి చూస్తే నాలుగైదు చిప్పులే, ఇంకేం లేదు. మన ట్రాన్సిస్టర్ రేడియో లోపలే అంతకన్నా ఎక్కువ సామాను కనిపిస్తుంది.

మెమరీ మాత్రం ఒక్క 'కె'. అంటే ఎంతో చెప్తా. ఒక్కో ఇంగ్లీషు అక్షరం పట్టే గడి ఒకటి అనుకోండి. ఒక 'కె' అంటే అట్లాంటి గళ్లు 1024. ఇప్పుడు ఫోన్లలో తెలుగు రాస్తే మన ఒక్కో గుర్తుకీ మూడు గళ్లు పడుతుంది, కాబట్టి ఆ మెమరీలో తెలుగు ఉత్తరం రాస్తే 340 గుర్తుల దగ్గర ఆగిపోవాలి. గుణింతాలు కూడా విడిగా లెక్కే. క్షేమసమాచారాలు అయ్యేలోపే జాగా అయిపోతుంది. మీ చేతిలో ఉన్న 4 జీబీ ఫోనులో అట్లాంటి 'కె'లు 41 లక్షల 94 వేల పైచిలుకు.

ఆ 1024లో కంప్యూటరు తన సొంత లెక్కలకి 125 గళ్లు తీసుకుంటుంది. మిగిలేది 899. స్క్రీన్ మీద 24 వరుసలు, వరుసకి 32 అక్షరాలు. స్క్రీన్ నిండా రాస్తే వరుసల చివరి గుర్తులతో కలిపి దానికే 793 గళ్లు పోతాయి. ఇక మీ ప్రోగ్రాముకి మిగిలేది 106. అందుకే ఆ మెషిన్ ఒక ఉపాయం చేస్తుంది. వరుసలో రాసినంత మేరకే జాగా వాడుకుంటుంది, ఖాళీ వరుసలకి ఒక్కో గడి మాత్రమే ఇస్తుంది. గుడ్డ పొదుపుగా కత్తిరించే టైలరు పని అది. ఈ ఇరుకులో కూడా డేవిడ్ హార్న్ అనే ఆయన 672 గళ్లలో చదరంగం ఆట రాశాడు. కోట కట్టటం లాంటి కొన్ని నియమాలు అందులో లేవు గానీ, కంప్యూటరు మనతో నిజంగానే ఎత్తులు వేస్తుంది. ఇప్పటి ఫోన్లో ఒక పొద్దుతిరుగుడు పువ్వు 'గుడ్ మార్నింగ్' బొమ్మకి దీనికి వంద రెట్లు పోతోంది.

ఎక్కువ పని చెయ్యాలంటే 16 'కె' డబ్బా కొనాలి. మొదట్లో దాని ధర కూడా 49 పౌండ్ల 95 పెన్సే. కంప్యూటరు కిట్టు ధరా, మెమరీ డబ్బా ధరా ఒకటే!

ఇది సత్రపట్టికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. మిల్లు నుంచి రిటైరైన ఒక ఇంజనీరు సార్ మా వీధికి దగ్గర్లోనే ఉంటారు. పేరు రాయొద్దన్నారు, రాయను. 1980లలో మెషిన్ల ట్రెయినింగుకని లాంకషైర్ వెళ్లినప్పుడు ఆయన ఈ కంప్యూటరూ, డబ్బా రెండూ కొని తెచ్చుకున్నారు. నేను ఒక మిల్లులో ఎలక్ట్రానిక్ మెయింటెనెన్సులో ఉన్నా. ఆయన ఇల్లు సర్దుకుంటూ నన్ను పిలిచారు. "ఏమబ్బాయ్, ఇది చెత్తలో వెయ్యనా, నీకు పనికొస్తుందా?" అన్నారు. పెట్టెలో కంప్యూటరుతో పాటు ఒక క్యాసెట్టు ఉంది. దానిమీద బాల్ పెన్నుతో 'కౌంటు' అని రాసుంది. అది చూశాక ఎవరికైనా పారెయ్యబుద్ధి పుడుతుందా?

'కౌంటు' అంటే మన ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు. 120 గజాల లీ తీసి, గ్రాముల్లో తూకం వేసి, 64.8ని ఆ తూకంతో భాగిస్తే నూలు కౌంటు వస్తుంది. లీ తూకం 1.62 గ్రాములైతే నలభయ్యో నంబరు. ఇది అందరూ చేసే లెక్కే. సార్ చేసిందేమిటంటే, షెడ్డులో ప్రతి రింగ్ ఫ్రేమ్ నుంచీ తీసిన పది పది లీల తూకాలు రాసుకొచ్చి, రాత్రి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఈ కంప్యూటర్లో వేసి, ఏ ఫ్రేమ్ నూలు ఎంత తేడాగా వస్తోందో చూసుకునేవారు. 30 ఫ్రేములకి పది చొప్పున 300 అంకెలు. ఒక్కో అంకెకి ఆ కంప్యూటర్లో 5 గళ్లు. అంకెలకే 1500 గళ్లు! ఒక్క 'కె'లో ఎట్లా పడుతుంది? అందుకే డబ్బా కావాలి. డబ్బా చూస్తే చచ్చిపోయి ఉంది. అది లేకుండా క్యాసెట్టులో ఉన్నది బయటికి రాదు.

ఇక్కడ కొంచెం ఆగి, ఈ కంప్యూటర్లని ఎవరు చేశారో చెప్తా. నాకు ఈ మొత్తం సంగతిలో బాగా నచ్చింది అదే.

స్కాట్లాండులో డండీ అని ఒక ఊరుంది. పందొమ్మిదో శతాబ్దంలో అది జూట్ మిల్లుల ఊరు. బెంగాల్ నుంచి జనపనార ఓడల్లో అక్కడికి వెళ్లేది. తిమింగలాల నూనెతో మెత్తబరిచి, నూలు వడికి, గోనెలు నేసేవాళ్లు. మిల్లుల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల కూలి తక్కువని మిల్లులు వాళ్లనే పెట్టుకునేవి, మగవాళ్లకి పని దొరక్క ఇంట్లో ఉండేవాళ్లు. అట్లాంటి మగవాళ్లని ఆ ఊళ్లో 'కెటిల్ కాచేవాళ్లు' అని వెక్కిరించేవాళ్లట, అంటే టీ నీళ్లు పెట్టేవాళ్లని. మగ్గాల మోతలో మాట వినపడక ఆ ఆడవాళ్లు పెదాల కదలిక చూసి, చేతి సైగలతో మాట్లాడుకునేవాళ్లు. మన మరమగ్గాల షెడ్డుల్లో పనిచేసేవాళ్లకి ఇది చెప్తే నవ్వుతారు, వాళ్లు రోజూ చేసేది అదే. 1855లో కలకత్తా దగ్గర రిష్రాలో మన దేశపు మొదటి జూట్ మిల్లు వచ్చింది. తర్వాత తర్వాత కలకత్తా మిల్లులు పెరిగేకొద్దీ డండీ మిల్లులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. అంటే వాళ్ల పని మన దేశానికే వచ్చింది. అదొక సంగతి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక టైమెక్స్ అనే గడియారాల కంపెనీ డండీకి వచ్చింది. ఒక దశలో అందులో దాదాపు 7000 మంది పనిచేశారు. వాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆడవాళ్లే. చిన్న చిన్న భాగాల్ని వేగంగా, తప్పు లేకుండా అమర్చే చేతులు ఆ ఊళ్లో దొరికేవి. సింక్లెయిర్ తన కంప్యూటర్లు బిగించే పని టైమెక్స్‌కే ఇచ్చాడు. జెడ్ఎక్స్81, దాని తర్వాత 1982లో వచ్చిన స్పెక్ట్రమ్, రెండూ డండీలో ఆ చేతుల మీదుగా వచ్చినవే. 1993 జనవరిలో అక్కడ గొడవ మొదలైంది. కంపెనీ కొంతమందిని ఆపేస్తామని, జీతాలు పెంచమని అంది. ఆపేదేదో వంతులవారీగా అందరికీ పంచండి అన్నారు పనివాళ్లు. సమ్మె జరిగింది. తిరిగి పనికి వస్తే గేటు మూసేశారు. మూడు వందలకు పైగా మందిని తీసేసి, బస్సుల్లో వేరేవాళ్లని తెచ్చారు. ఆ ఆగస్టులో ఫ్యాక్టరీయే మూసేశారు. గేటు ముందు నెలల తరబడి నిలబడినవాళ్లలో, పదేళ్ల కిందట ఈ కంప్యూటర్లకి చిప్పులు గుచ్చినవాళ్లు ఎందరున్నారో.

మెమరీకీ నేతకీ చుట్టరికం డండీ ఒక్కదాంతో అయిపోదు. 1960లలో చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటరు ప్రోగ్రామంతా సన్న తీగలతో 'నేసిందే'. అమెరికాలో వాల్తమ్ అనే ఊళ్లో, రేతియాన్ కంపెనీలో, ఆడవాళ్లు చిన్న చిన్న అయస్కాంతపు రింగుల్లోంచి సూదితో తీగ దూర్చేవాళ్లు. తీగ రింగులోంచి వెళ్తే ఒకటి, పక్కనుంచి వెళ్తే సున్నా. వాల్తమ్ కూడా పాత బట్టల మిల్లుల ఊరే.

ఇక చచ్చిపోయిన డబ్బా దగ్గరికి వద్దాం. విప్పితే లోపల 4116 అనే నంబరున్న చిప్పులు ఎనిమిది. ఒక్కో చిప్పు లోపలి పనితనం మన గాజ్ గుడ్డని పిక్ గ్లాస్ కింద పెట్టి చూసినట్టే. 128 పోగులు పడుగు, 128 పోగులు పేక. ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటా కరెంటు బొట్టు ఒకటి. మొత్తం 16,384 బొట్లు. బొట్టు ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఒక్కో గడికి ఎనిమిది బొట్లు కావాలి కాబట్టి ఎనిమిది చిప్పులు.

తంటా ఏమిటంటే ఆ బొట్టు నిలవదు. అడుగున చిల్లున్న బిందెలో నీళ్లలాగా కారిపోతూ ఉంటుంది. అందుకని సెకనులో వెయ్యోవంతులు రెండు గడిచేలోపు 128 వరుసల్నీ ఒకసారి తడిమి, ఉన్న బొట్టుని మళ్లీ నింపాలి. ఒక వరుస తప్పిందా, అందులో ఉన్నదంతా పోయినట్టే. పైగా ఆ చిప్పులకి మూడు రకాల కరెంటు కావాలి: 12 వోల్టులు, 5 వోల్టులు, ఇంకా మైనస్ 5 వోల్టులు. కంప్యూటరు నుంచి వచ్చేది 9, 5 మాత్రమే. మిగిలింది డబ్బానే తయారు చేసుకోవాలి. ఇన్ని తిప్పలుపడే డబ్బా నలభై ఏళ్లకి చచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

బాగున్న రోజుల్లో కూడా దానికి ఒక జబ్బుండేది. కంప్యూటరు వెనక అంచుకి డబ్బా ఊరికే గుచ్చుకుని ఉంటుంది, స్క్రూ లేదు, కొక్కెం లేదు. కీబోర్డేమో గట్టిగా నొక్కాల్సిన ప్లాస్టిక్ పొర. మీట నొక్కితే కంప్యూటరు కదులుతుంది, డబ్బా ఊగుతుంది, ఒక్క క్షణం కాంటాక్టు తప్పుతుంది, అంతే. రెండు గంటలు కూర్చుని కొట్టిన ప్రోగ్రాము గాల్లో కలిసిపోతుంది. మగ్గం మీద ఒక పోగు తెగితే ముడేసుకోవచ్చు. ఇక్కడ ఒక్క పోగు తెగితే బట్టంతా మాయం! ఇంగ్లండులో పిల్లలు గోడకి బొమ్మలు అంటించే బంకముద్దతో డబ్బాని కదలకుండా అతికించేవాళ్లు. రబ్బరు బ్యాండ్లు కట్టినవాళ్లున్నారు. ఈ ఊగుడు ఆ కంప్యూటరంత పేరు తెచ్చుకుంది.

కొత్తగా డబ్బాలు చేసేవాళ్లు ఈ రెండు జబ్బులకీ మందు కనిపెట్టారు. ఊగుడికి మందు తేలిక. కొందరు మెమరీని కంప్యూటరు లోపలే పెట్టేస్తారు, కొందరు కంప్యూటరుకి అచ్చుగా ఆనుకునే పెట్టెని 3డీ ప్రింటర్లో పోసుకుంటారు. బొట్టు కారిపోయే జబ్బుకి మందు 62256 అనే చిప్పు. ఇందులో బొట్టు కారదు. కరెంటు ఉన్నంతసేపూ పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, మళ్లీ మళ్లీ నింపక్కర్లేదు. 5 వోల్టులు చాలు. ఒక్క చిప్పులో 32 'కె'. అంటే పాత డబ్బాలోని ఎనిమిది చిప్పులు, వాటి కరెంటు తంటా అంతా పోయి ఒక్క చిప్పు, దానికి రెట్టింపు జాగా.

దీనికి తోడు కావలసింది 74ఎల్ఎస్00 అనే చిన్న చిప్పు ఒకటి. రేడియో రిపేరు నేర్చుకునేవాళ్లు కూడా దాన్ని చూసే ఉంటారు. దాని పని వాకిట్లో వాచ్‌మన్ పని. కంప్యూటరు 16384 నుంచి 32767 దాకా ఉన్న గళ్లని అడిగితేనే మెమరీ తలుపు తియ్యాలి, వేరే గడిని అడిగితే ఊరుకోవాలి. చిరునామా చెప్పే పదహారు తీగల్లో ఏ14 అనే ఒక్క తీగ చూస్తే ఈ డబ్బాకి సరిపోతుంది. 'మెమరీ కావాలి' అనే సంకేతాన్ని తిరగేసి, ఏ14తో కలిపితే అయిపోయింది. ఆ చిప్పులోని నాలుగు గేట్లలో రెండే ఖర్చు. ఇంకొక తీగని 5 వోల్టులకి కడితే కంప్యూటరు లోపలున్న పాత ఒక 'కె' మెమరీ నోరు మూసుకుంటుంది. ఇంత చిన్న బొమ్మ ఆ మెషిన్ పదహారు 'కె' కలని తీరుస్తుంది. ఇట్లాంటి బొమ్మల్ని గీసినవాళ్లు వాటిని దాచుకోలేదు. సర్క్యూట్లు, బోర్డు నమూనాలు అడిగినవాళ్లకల్లా ఇస్తున్నారు. జెడ్ఎక్స్‌ప్యాండ్ అనేది ఇంకా ముందుకెళ్లి 32 'కె' మెమరీతో పాటు ఫోన్లలో వేసే మాదిరి మెమరీ కార్డుని కూడా ఈ ముసలి కంప్యూటరుకి తగిలించింది. కమడోర్ విక్20 అని ఇంకో కంప్యూటరుంది, 5 'కె' దానిది. దానికీ, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీఐ99కీ కూడా ఇట్లాగే కొత్త డబ్బాలు వచ్చాయి.

మన దేశంలో ఇట్లాంటి కంప్యూటర్లు చూసినవాళ్లు లేకపోలేదు. 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద కొన్ని బడులకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. అప్పుడు ఆ బడుల్లో చదివినవాళ్లకి గుర్తుండొచ్చు, కంప్యూటరు గది బయట చెప్పులు విప్పాలి. 1980ల చివర్లో పుణె నుంచి డెసిబెల్స్ కంపెనీ వాళ్ల స్పెక్ట్రమ్ కూడా కొంతమంది కొన్నారు. అవన్నీ ఇప్పుడు ఎక్కడున్నాయో, ఏ అటకమీద ఉన్నాయో.

మేం చేసిన డబ్బాకి సామాను ఎట్లా కూర్చామో చెప్తే మీకు నవ్వొస్తుంది. 74ఎల్ఎస్00 చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాను. మిగతా రెండు ముఖ్యమైనవీ రాజపాళయం కాయలాంకడలోనే దొరికాయి. పాత 486 కంప్యూటరు మదర్‌బోర్డు ఒకటి తూకానికి కొన్నా. దానిమీద క్యాష్ మెమరీ అని గుచ్చి ఉండే చిప్పులు 32 'కె'వి, కాళ్లు 62256 వరసలోనే ఉంటాయి, వెడల్పు కొంచెం తక్కువ. (1990లలో కొన్ని బోర్డుల మీద ఈ చిప్పుల బదులు లోపల ఏమీ లేని ఉత్తి ప్లాస్టిక్ ముక్కలు అతికించి అమ్మారు. మోసం ఎప్పుడూ కొత్తదేం కాదు. మాకు దొరికినవి నిజం చిప్పులే.) అదే బోర్డు మీద కార్డులు గుచ్చే పొడవాటి నల్ల స్లాట్లుంటాయి. వాటి పళ్ల మధ్య దూరం అంగుళంలో పదో వంతు. జెడ్ఎక్స్81 వెనక అంచుకీ అదే కొలత. స్లాటులో జతలు 31, మనకి కావలసింది 23. రంపంతో కోస్తే సరి.

23 జతల్లో మూడో జత స్థానంలో కంప్యూటరు అంచుకి ఒక గాడి ఉంటుంది. అక్కడ స్లాటులో పళ్లు పీకేసి చిన్న ప్లాస్టిక్ బిళ్ల పెట్టాలి. అది లేకుండా గుచ్చితే ఒక పన్ను అటో ఇటో జరగొచ్చు. 9 వోల్టులు పోకూడని చోటికి పోతే ఉన్న ఒక్క కంప్యూటరూ పోతుంది. ఎవరైనా చేసుకుంటే ఈ బిళ్లని మాత్రం అలక్ష్యం చెయ్యకండి.

సోల్డరింగ్ మా అక్క చేసింది. అక్క రింగ్ ఫ్రేమ్ సైడర్, ఇరవై రెండేళ్ల సర్వీసు. డాట్ బోర్డు మీద ఒక మిల్లీమీటరు సందులో తీగ అతకాలంటే నా వేళ్లు మొద్దుబారాయి, కళ్లద్దాలు జారుతున్నాయి. పాలిటెక్నిక్ చదివే అక్క కూతురు, "మామయ్యా, అమ్మకియ్యి, అమ్మ తెగిన పోగుని చూడకుండానే అతికిస్తుంది" అంది. అక్క అంతకు ముందు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోలేదు. పనికిరాని బోర్డు మీద పది నిమిషాలు చేసి చూసి, "దీనికేముంది, వేడి చూసుకోవాలి, చెయ్యి ఆగకూడదు, అంతేగా" అని కూర్చుంది. కాఫీ తాగే లోపు ఒక వరుస అయిపోయింది. అన్నీ అయ్యాక మీటరు పెట్టి చూశాను. పక్క పక్క కాళ్లు అంటుకున్నది ఒక్కటి లేదు. నేను పాతికేళ్లుగా ఈ పని చేస్తున్నా, నా బోర్డుల్లో అంత శుభ్రత లేదు. అక్కకి మిల్లులో ఇప్పటికీ హెల్పర్ గ్రేడే. అది వేరే వ్యాసం.

డబ్బా గుచ్చి, ఊగకుండా మన ఊరి ప్లాస్టరు రెండు పట్టీలు వేశాను. సార్ చూసి, "ఇంగ్లండులో బంకముద్ద పెట్టాం, ఇక్కడ బ్యాండేజీ కట్టావు, రోగం అదే కదబ్బాయ్" అని నవ్వారు.

మెమరీ ఎంతుందో కంప్యూటర్నే అడగొచ్చు. 'ప్రింట్ పీక్ 16388 + 256 * పీక్ 16389' అని కొట్టాలి. ఒక 'కె' ఉంటే 17408 అని వస్తుంది. మాకు 32768 వచ్చింది. అంటే 16384 గళ్లు పలుకుతున్నాయి. అక్క కూతురు ఫోనులో ఫొటో తీసుకుంది. సార్ మాత్రం, "అది సరే, క్యాసెట్టు చదువుతుందా?" అన్నారు.

క్యాసెట్టు సులువుగా చదవలేదు. ఈ కంప్యూటరు టేపు మీద సెకనుకి సుమారు 40 గళ్లు చొప్పున రాస్తుంది. 16 'కె' నింపాలంటే ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో ఎక్కడ టేపు ముడతపడినా మొదటికొస్తుంది. నలభై ఏళ్ల టేపు కదా. ముందు ముందుకీ వెనక్కీ మొత్తం ఒకసారి తిప్పి బిగువు సరిచేశాం. టేపు హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, హెడ్డు పక్కన స్క్రూని గోరంత గోరంత తిప్పుతూ మోత పదునుగా వినపడే చోట ఆపాం. ఆ మోతని ఫోనులోకి రికార్డు చేసుకున్నాం, టేపు తెగినా మనకి ఉంటుందని. నాలుగోసారి ఫోను నుంచి వినిపిస్తే చదివింది. స్క్రీన్ మీద ఫ్రేమ్ నంబర్లు, వాటి పక్కన తూకాలు. 17వ నంబరు ఫ్రేము ఎదురుగా చుక్క గుర్తు. తేడా ఎక్కువున్న ఫ్రేముకి చుక్క పెట్టమని ఆయనే రాసుకున్నారు. "పదిహేడు... రోలర్లు మార్పించాను దానికి," అన్నారు సార్. ఆ రోజు దానిమీద ఎవరు డ్యూటీయో కూడా ఆయనకి గుర్తొచ్చింది. ఆ మనిషి ఇప్పుడు లేరు. వాళ్లబ్బాయి మన పత్రిక చదువుతాడు, అందుకే రాశాను.

ఇప్పుడు మన మిల్లుల సంగతి. పాత మెషిన్ల కంట్రోల్ బోర్డులు విప్పితే ఏం కనిపిస్తుంది? ఇదే 62256, పక్కన చిన్న బ్యాటరీ. మెషిన్ సెట్టింగులు అందులో ఉంటాయి. ఇంకో చిప్పు నడుమ చిన్న గాజు కిటికీ, దానిమీద స్టిక్కరు. అది ఈప్రామ్, మెషిన్ ప్రోగ్రామంతా అందులోనే. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టింది. ఆ కిటికీలోంచి అల్ట్రావయొలెట్ వెలుగు పడితే రాసింది చెరిగిపోతుంది. అట్లా చెరిపి మళ్లీ రాసుకోటానికే ఆ కిటికీ. స్టిక్కరు ఊడిపోయి ఎండ తగిలితే నెమ్మదిగా అదే జరుగుతుంది. ఏ వెలుగూ పడకపోయినా దశాబ్దాలు గడిస్తే అక్కడక్కడ ఒక బొట్టు కారొచ్చు. ఒక్క బొట్టు కారితే మెషిన్ లేవదు. నాకు తెలిసిన ఒక చోట అదే అయింది. అమ్మినవాళ్లని అడిగితే ఆ మోడల్ ఆపేశాం, ప్యానెల్ మొత్తం మార్చండి అన్నారు. మార్చటం కుదరక మెషిన్ తూకానికి పోయింది, దానిమీద షిఫ్టుకి ఇద్దరున్నారు. ఇంకో చోట అదే మోడల్ మెషిన్ ఇప్పటికీ తిరుగుతోంది, ఎందుకంటే ఈప్రామ్ బాగున్నప్పుడే ఒకరు కాపీ తీసి పెట్టారు. ఆ కాపీ తీసే ప్రోగ్రామర్ పెట్టె, పాత ఆటల కంప్యూటర్లకి డబ్బాలు చేసేవాళ్లు వాడేదీ ఒకటే.

కాబట్టి మరమగ్గాలూ, పాత ఎలక్ట్రానిక్ బోర్డులూ ఉన్నవాళ్లకి రెండు మాటలు. చిప్పు కిటికీ మీద స్టిక్కరు ఊడిపోయి ఉంటే ఇవాళే నల్ల టేపు ముక్క అంటించండి. బోర్డు మీద బ్యాటరీ చుట్టూ పచ్చగా, తెల్లగా బూజులాగా కనిపిస్తే ఆలస్యం చెయ్యొద్దు, ఆ కారే మందు రాగి గీతల్ని తినేస్తుంది. అయితే బ్యాటరీని చటుక్కున పీకొద్దు. పీకితే సెట్టింగులు పోతాయి. ముందు స్క్రీన్ మీద సెట్టింగులన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి, తర్వాత తెలిసినవాళ్ల చేత మార్పించండి. ఆదివారం పొద్దున పది దాటాక నేను ఇంట్లోనే ఉంటా. బోర్డు తెచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో వెయ్యకండి, పాత కాటన్ గుడ్డలో చుట్టి తీసుకురండి. గుడ్డకి మన ఊళ్లో కరువా?